తడిగుడ్డ

ఆట నాకు తెలీదు. తడి తెలుసు.
ఎవరు ఎక్కడ పడ్డారో, ఎంతసేపు లేవలేదో
నేలే చెబుతుంది నాకు.
విజిల్‌కీ విజిల్‌కీ మధ్య ఎనిమిది సెకన్లు నా ఉద్యోగం.
వంగి పరుగెత్తి, తుడిచి, గీత బయటికి.

గుంటూరు మిర్చీస్ అని పేరెట్టాడు ఓనరు,
మూడు కోల్డ్ స్టోరేజీల ఆసామి.
నాలుగో ఓటమికే గ్యాలరీలో మాట పుట్టింది:
"పేరు మిర్చి, ఆట మజ్జిగ."
ఏడో ఓటమికి ఆ మాట అనడానికైనా
ఎవరూ రాలేదు.

పాత సెట్టరు మోకాలు మొదటి వారమే పోయింది.
ఆ చోట్లోకి దింపారు నిజాంపట్నం కుర్రాణ్ని,
కొక్కిలిగడ్డ నాంచారయ్యని.
పంతొమ్మిదేళ్లు. తొమ్మిదో నంబరు జెర్సీ
గాలి పడిపోయిన తెరచాపలా వేలాడేది ఒంటిమీద.
ఇసకలో నేర్చిన ఆట.
చెక్కనేల మీద అతని పాదం ఇంకా
దిగబడుతుందేమోనని ఆగి చూసుకునేది.

సెట్టరంటే కొట్టేవాడు కాదు,
కొట్టేవాడి చేతికి బంతి అందించేవాడు.
వడ్డించేవాడన్నమాట.
బావుంటే వండినవాణ్ని మెచ్చుకుంటారు,
ఒలికితే వడ్డించినవాణ్ని తిడతారు.

అతను లేపిన బంతి
ఒకసారి వలకి మరీ ఆనుకుని,
ఒకసారి ఆరడుగుల ఎడంగా,
ఒకసారి ఎవరూ లేని చోటికి,
ఎవరో ఒకరు ఉండాల్సిన చోటికి.
గాల్లోకి లేచిన కేరళ కుర్రాడు బిజోయ్
ఖాళీ అరచేతిని చూసుకుంటూ దిగేవాడు.
ఏమీ అనేవాడు కాదు. అదే పెద్ద మాట.
కోచ్ అరుపు తమిళంలో మొదలై
తెలుగు తిట్టుతో ముగిసేది.

మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిన సాయంత్రం,
తొమ్మిదో మ్యాచో పదోదో,
హాలంతా ఒకటే దగ్గు.
మూడు సెట్లూ గంటలో పోయాయి.
సగం లైట్లు ఆర్పేశాక చూశాను,
వల పక్కన తన చోట్లోనే మోకాళ్ల మీద కూర్చుని
టవలుతో నేల తుడుస్తున్నాడు.
"ఇటివ్వయ్యా, అది నా పని."
"నా చెమటే కదా బాబాయ్."
ఘాటుకేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి.
నావీ.

అప్పట్నించి వేళ్లకి టేపు చుట్టుకోడానికి
నా బల్ల దగ్గరికే వచ్చేవాడు.
పళ్లతో తెంపేవాడు, వలదారం తెంపినట్టు.
"చేపలు పడని రోజు వల తేలిగ్గా ఉంటుందా?" అనడిగాను.
"లేదు బాబాయ్, ఇంకా బరువు.
ఎందుకో. తడి అనుకుంటా."

ఆఖరాటకి టిక్కెట్టు ఉచితం.
వచ్చినవాళ్లలో సగం మంది ఏసీ కోసం వచ్చారు.
అవతల, పట్టికలో మొదటి జట్టు.
రెండు సెట్లు పోయాయి, అలవాటుగా.
మూడో సెట్లో నా కాళ్లు పీకడం మొదలెట్టాయి.
ఎందుకో ఆలస్యంగా తెలిసింది:
అటువైపుకే పరిగెడుతున్నాను, వలచుట్టూ తిరిగి.
పడుతున్నది వాళ్లు.
నాంచారయ్య వీపు వెనక్కి, చూడకుండా,
వేలి కొసల్తో బంతిని వదిలితే
అదెటు పోతుందో వాళ్లకి తెలీదు, నాకు తెలీదు,
బిజోయ్‌కీ తెలీదనుకుంటా.
అతని చెయ్యి మాత్రం అక్కడుండేది.

ఐదో సెట్టు, పదమూడు పదిహేను.
ఓడాం.
పట్టికలో అట్టడుగునే, ఒక్క మెట్టు కదల్లేదు.
ఓనరు చూడలేదు. క్వింటా ధర పడిందని ఫోనొస్తే
నాలుగో సెట్లోనే లేచి వెళ్లాడు.

కుర్రాడు తెల్లారి రేపల్లె ప్యాసింజరెక్కాడు.
వచ్చే ఏడు ఉన్నావనీ లేవనీ
ఎవరూ చెప్పలేదతనికి.
హాలు చీరల ఎగ్జిబిషన్‌కి ఇచ్చారు,
మధ్యాహ్నానికల్లా తుడవాలి.
వల ఉండే చోట, రెండో నంబరుకీ మూడో నంబరుకీ నడుమ,
టేపు ముక్కొకటి నేలకంటుకుని ఉంది,
తొక్కుళ్లకి నల్లబడి.
తడిగుడ్డకి రాలేదు.
గోటితో గీకాను.
సగమే వచ్చింది.