చక్కోత పూలకు బిల్లు

ఫోన్లో గొంతు గరుకుగా ఉంది, మదనపల్లె యాస.
"పంపర పనస పూలు కావాల.
దేవనహళ్ళిలోనే ఒకరికి ఇయ్యాల" అన్నాడు.
గులాబీలున్నాయండీ, లిల్లీలు, జెర్బెరాలు,
ఫ్రిజ్జులో పెడితే మూడు రోజులు నిలుస్తాయి, అన్నాను.
విన్నట్టు లేదు.
"కార్డు మీద ఏం రాయమంటారు?"
"ఏమీ వద్దు. మూత తీస్తే చాలు."

ఇక్కడ ఆ చెట్టుని చక్కోత అంటాం.
కాయ అమ్ముతారు. తొనలు వలిచి ఉప్పూకారం చల్లి
బస్టాండులో కాగితం ముక్కల మీద అమ్ముతారు.
పువ్వుని ఎవరూ అమ్మరు.
పదకొండేళ్ళ నా కొట్టులో ఎవరూ అడగలేదు కూడా.

కోట వెనక మునిశామప్ప తోట.
ఒకప్పుడు నాలుగెకరాలు, ఇప్పుడు పద్నాలుగు చెట్లు,
మిగతాది విమానాలెక్కేవాళ్ళ కార్లు నిలిపే చోటు.
నన్ను కూర్చోబెట్టి లెక్క చెప్పాడు:
"నూరు పూస్తే నిలిచేది రెండో మూడో.
ఏ మూడో చెట్టుకి తెలుసు, నాకు తెలీదు.
నువ్వు తుంచినవాట్లో ఆ మూడూ ఉంటే?
అందుకే నూరింటికీ కాయ రేటే వేసుకోవాలమ్మా నేను."
నేను పర్సులో నోట్లు వెతుక్కుంటుంటే
ఆయనే మళ్ళీ, తల గోక్కుంటూ,
"లేదంటే పొద్దున్నే రా. పాత పంచె ఒకటి తడిపి తెచ్చుకో.
చెట్టు వద్దనుకున్నవి చెట్టే వదిలేస్తుంది.
వాటికి డబ్బు తీసుకోడానికి నేనెవర్ని?"

ఐదున్నరకి తడి పంచె పరిచి కూర్చున్నాను.
మాఘమాసపు చలి. నెత్తిమీంచి విమానం దిగితే
ఆకులు కదల్లేదు, నా పళ్ళు కదిలాయి.
పువ్వు రాలితే చప్పుడవుతుందని అప్పటిదాకా తెలీదు.
మందపు రేకులు కదా.
టప్.
చాలాసేపు ఏమీ లేదు.
టప్, టప్.
తెల్లారేసరికి నలభై ఒకటి.
స్టీలు డబ్బాలో, ఒకదాని మీద ఒకటి నలగకుండా సర్ది,
స్కూటీ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని, గుంత కనిపిస్తే దిగి నడిపించి,

రైల్వే గేటు దాటాక, జిరాక్సు కొట్టు పైన, ఇందుమతి గారిల్లు.
వేళ్ళకి టోనరు నలుపు.
మూత తీసింది. వంగి చూసింది.
ఎవరు పంపారని అడగలేదు.
"రెండేళ్ళ కింద జ్వరమొచ్చింది. అప్పట్నుంచి నాకు వాసన లేదు.
పాలు మాడినా తెలీదు.
ఆయనకి ఈ సంగతి ఎవరు చెప్తారు."
కాసేపాగి,
"నువ్వు చెప్పు. ఎట్లుంది?"

బాగుందండీ, అన్నాను.
ఆమె ఇంకా నా మొహమే చూస్తోంది.
మల్లెల్లా మీదపడదండీ.
పక్కింట్లో ఎవరో నిమ్మకాయ కోస్తే
గోడకి ఇవతల మనకి తెలుస్తుంది చూడండి, అంత.
దాని అడుగున చేదు.
పచ్చి తొక్కని గోటితో గిల్లితే కంట్లోకి చిమ్ముతుందే, అది.
ఆ తర్వాత... పలక.
ఉమ్ముతో తుడిచింది కాదు,
బొగ్గూ దొండాకూ రుద్ది, కడిగి, ఎండకి పెట్టిన పలక.
ఆమె కళ్ళు మూసుకుంది.
"ఆఁ, పలక" అంది. "బాగుంది."

డబ్బా తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం ఫోను. "ఏమనింది?"
బాగుందన్నారండీ.
అటువైపు చాలాసేపు లారీల మోత.
"బిల్లెంత?"
పెట్రోలు అరవై. డబ్బా నూట ఎనభై.
"పూలకో?"
చెట్టునడగాలండీ, అన్నాను. నవ్వాడో దగ్గాడో.

రాత్రి కొట్టు కట్టేసేముందు రసీదు పుస్తకంలో
చక్కోత అని రాసి, కొట్టేసి,
పంపర పనస అని రాశాను.
సంఖ్య నలభై ఒకటి.
ధర గడి ఖాళీగా ఉంటే ఆడిటరు ఒప్పుకోడు.
చిన్న అడ్డగీత పెట్టాను.
పెన్ను మూత పెడుతుంటే వేళ్ళు ఇంకా కొంచెం చేదు.