లాభం, రెండు, మూడు

ఫారంలో ఆరో గడి:
సంస్థ లాభాపేక్షతో నడుస్తుందా, లేదా?
ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి.

డాబాగార్డెన్స్‌లో మా ఆడిటరు గారి మేడ మీద
కరెంటు పోయి
ఫ్యాను ఆఖరి చుట్లు తిరుగుతోంది.
ఎదురుగా మైలపిల్లి పరదేశమ్మ,
పెదజాలారిపేట నుంచి పదకొండు మంది తరఫున.
కొంగు ముడి విప్పి కాగితం తీసింది.
వేలిముద్రల కన్నా ముందు
నెత్తళ్ల వాసన బల్ల మీదికి వచ్చింది.

"లాబాపేచ్చ అంతే ఏటి బాబూ?"

ఖర్చులు పోను మిగిలింది పంచుకుంటే ఉన్నట్టు,
పంచుకోకుండా పనికే పెడితే లేనట్టు.
బీకాంలో బట్టీ పట్టిందే అప్పజెప్పాను.

ఆవిడ వేళ్లు ముడవడం మొదలెట్టింది.
తెల్లారగట్ల జెట్టీలో పాట. ఐసు. ఉప్పు. ఆటో.
వాన పడితే ఆరబెట్టిందంతా మళ్లీ సముద్రంపాలు.
"మగోళ్లయితే పడవకో వాటా తీస్తారు, వలకో వాటా తీస్తారు.
మడిసికి ఆకర్న.
మేవూ అలాగే.
మా పోలమ్మ మంచాన పడి రెండేళ్లయిపోనాది,
గంప ఎత్తనేదు, వాటా ఆపనేదు.
దాన్నేటంతారు? కరుసా, మిగులా?"

ఆ గడి మా ఫారంలో లేదు.

ఆడిటరు గారి భార్య అడిగారని తెచ్చిన ఎండు చేపలు
అక్కడే సోలతో కొలిచింది.
మొదటి సోల వంచుతూ, లాభం, అంది.
తర్వాత రెండు. మూడు. నాలుగు.
ఏడు దగ్గర ఏడవకుండా, ఆరున్నొకటి.

ఒకటి ఉండాల్సిన చోట లాభం!
ఇంకా ఎవరూ డబ్బివ్వలేదు,
బేరమే తెగలేదు,
పేరు మాత్రం ముందే పెట్టేసింది
పుట్టబోయే బిడ్డకి పెట్టినట్టు.
ఎనిమిదీ అయ్యాక
లెక్కలో లేని గుప్పెడు తీసి పైన జల్లింది.
కొసరట.
కొసరుని ఏ పద్దు కింద రాయను?

"రాసీ బాబూ, లాబవనే రాసీ.
రేపు జెట్టీకెల్లాలంతే చేతిలో ఏటో ఉండాల గదా."

రాశాను.
ఉప్పు తేమకి కాగితం మెత్తబడి
టిక్కు కొంచెం పాకింది,
పక్క గడిలోకి.

ఒకటో తారీకున జీతం కవరు విప్పి
నోట్లు లెక్కపెట్టుకుంటూ
ఆ మాటతో మొదలెడదామనుకున్నాను.
నోరు తిరగలేదు.
ఒకటి, అన్నాను.