క్యాలెండర్ వెనక

కంచరపాలెం నుంచి పూర్ణా మార్కెట్‌కి నడకే.
మిగిలిన ఇరవై రూపాయలు
క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో ఎక్కిస్తుంది నూకరత్నం.
హార్బర్‌లో ఎండ ముదిరాక కొంటాం
కళ్ళు మసకబారిన కవళ్ళు.
"పులుసుకి చూపుతో పనేటి?" అంటుంది.

సముద్రానికి టికెట్టు లేదు కనక
ఆదివారాలన్నీ అక్కడే.
మురీ మిక్చర్ బండి దగ్గరికి రాగానే
ఇద్దరికీ ఒకేసారి
లంగరేసిన ఓడల్ని లెక్కపెట్టాల్సిన పని పడుతుంది.

ముప్పై ఒకటో నెల.
జగదాంబ దగ్గర ఫైనాన్స్ ఆఫీసులో
ఆఖరి వాయిదా కట్టేసి,
మడత పడకుండా రసీదు పట్టుకుని
ఆటో పిలిచాను.
ఆమె అప్పటికే సగం వీధి నడిచేసింది.
అప్పు తీరిన సంగతి
కాళ్ళకింకా తెలీలేదు.

బీచ్‌లో మాత్రం బండి దగ్గర ఆగింది.
ఒకటే పొట్లం.
"ఉల్లిపాయ ఎక్కువెయ్యి బాబూ," అంది,
ఓడలవైపు చూడకుండా.