పాట ఎవరు పాడుకున్నా

మార్చి ఆఖర్న రేవు వేలం.
ఈసారి పాట భీమవరం వాళ్లు పాడుకున్నారు.
పంటు మీద పాత పేరు గీకించి
పచ్చరంగుతో కొత్త పేరు రాయించారు,
బండికి అయిదు రూపాయలు పెంచారు.
కొల్లాటి లోవరాజు మాత్రం అతనే,
అదే ఇంజను, అదే నల్లటి పొగ,
వశిష్ఠ కూడా అదే,
పోటుకి అటు, ఆటుకి ఇటు.

ఆ వారంలోనే మా కిట్టునీ కొనేశారు.

కిట్టు అంటే మనిషి కాదు. టూల్‌కిట్.
ఒకసారి రాస్తే చాలు,
ఫోన్లో, లాప్‌టాప్‌లో, రొయ్యల చెరువు గట్టున
ఏరేటర్ పెట్టెకి బిగించిన అరచేతంత తెర మీద,
ఎక్కడైనా ఆడేది.
ఏదో చలిదేశంలో పదిమంది కూర్చుని కట్టి
తాళం వెయ్యకుండా వదిలిన ఇల్లు.
ఏడేళ్లుగా అందులోనే వండుకు తింటున్నాం,
నేనూ, నల్లి సువార్తా,
నరసాపురంలో లేసుల కొట్టు మీద గదిలో.

కొన్నవాళ్ల ఉత్తరం మర్యాదగానే ఉంది.
వచ్చే వెర్షను నుంచి మనిషికింత, ఏడాదికింత.
పాత చిప్పులకి ఇక సెలవు.
ఆ సెలవిచ్చిన చిప్పులే
మొగల్తూరు నుంచి కాళ్ల దాకా
మూడువందల నలభై చెరువుల మీద ఉన్నాయి.
"ఆయ్, మరి రొయ్యలకి కూడా చెప్పమనండి,
ఊపిరి ఆపుకోమని" అంది సువార్త.

ఆ సాయంత్రం సఖినేటిపల్లి వెళ్లే పంటులో
రెయిలింగుకి ఆనుకుని
లైసెన్సు పైకి చదివింది.
ఏడేళ్లలో ఒక్కసారీ చదవలేదు మేం,
అద్దెకాగితంలా మడిచి పెట్టేశాం.
ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా మార్చుకోవచ్చు.
మార్చి పదిమందికి ఇచ్చేవాడు
ఎలా మార్చాడో అది కూడా ఇయ్యాలి.
ఇంకా కిందికి పోయి ఆగింది.
ఒకసారి ఇచ్చాక వెనక్కి పుచ్చుకోవడం అంటూ లేదు.
పక్కన కొబ్బరి దింపు తీసే ఆయన
"ఏ పొలం దస్తావేజమ్మా అదీ?" అన్నాడు.
లంకభూమి లాంటిదండి, అన్నాను.
"అయితే గోదారి కోసుకుపోద్ది, చూసుకోండి."

పోర్టు చెయ్యడం అంటే రేవు మార్చడమే.
పాత రేవులో పూడిక. కొత్త రేవుకి మెట్లే లేవు.
మే నెలంతా కరెంటు పోతూ వస్తూ ఉంటే
ఆ ఆఖరి పాత వెర్షన్ని విడిగా దించుకుని
మా పేరు పెట్టకుండా
ఊరికే గట్టు అని పిలుచుకుని
ఒక్కొక్క ఫంక్షనూ నెత్తిన మోసుకొచ్చాం.
బొత్తాలు వచ్చాయి. గ్రాఫులు వచ్చాయి.
అక్షరాలే రాలేదు.
రావత్తు జారిపోయి
ప్రాణవాయువు కాస్తా పాణవాయువై కూర్చుంది.
పదకొండు రోజులు, ఆ ఒక్క ఒత్తు కోసం.
సువార్త నిద్దట్లో గాల్లో వేలితో సున్నా చుడుతోందని
వాళ్లమ్మ భయపడి ఫోన్ చేసింది.

దొరికింది, ఓ తెల్లారుజామున.
ఒత్తు తగిలించకముందే అక్షరానికి కొలత తీస్తున్నాం.
తగిలించాక తియ్యాలి.
అంతే.

ఆ దిద్దుబాటు కొన్నవాళ్లకీ పంపాం.
పుచ్చుకుంటాం, ముందు ఇక్కడ సంతకం చెయ్యండి అన్నారు,
హక్కులన్నీ మాకు రాసిస్తున్నట్టు.
సువార్త చాలాసేపు చూసింది ఆ ఖాళీ గీతని.
తర్వాత లేచి టీ పెట్టింది.
గట్టులోనే పెట్టేశాం, దారినపోయే అందరికీ కనబడేట్టు.
జూలైలో మహానది దిగువనుంచి ఎవరో రాశారు,
వాళ్ల అక్షరాలూ కుదురుకున్నాయని,
మాదే ఇంకో తప్పు చూపించి, దిద్ది మరీ.

లైసెన్సు అట్టడుగున పెద్దక్షరాల్లో ఉంటుంది:
ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు.
ఆ మాట సువార్తకి నచ్చేది కాదు.
ఇచ్చేవాడు అలా అంటాడా, అనేది.
నిన్న పంటు దిగుతూ మోచేత్తో పొడిచి చూపించింది,
కొత్త పచ్చరంగు కింద
గీకడం మర్చిపోయిన పాత రాత:
మీ సామానుకి మీరే బాధ్యులు.

లోవరాజు తాడు విసిరాడు.
పట్టండి పట్టండి, చూస్తారేంటండీ, అని అరిచాడు.