తెల్ల అక్షరం

ఫొటోలు తెమ్మంటే
బాసని కొమురెల్లి తాత దరీనే తెచ్చిండు.
కొత్తవాడ నుంచి సైకిల్ క్యారేజీ మీద చుట్టగట్టి,
హన్మకొండ చౌరస్తల మెట్లెక్కి,
నా కీబోర్డు మీదనే పరిచిండు.
"ఇగో బిడ్డా, పుస్తకంల గీ ఎరుపే రావాలె."

ఆ ఎరుపు నా మానిటర్ల ఉన్నది,
మెషిన్ల లేదు.
తెర మీది ఎరుపు కరెంటు తిని బతుకుతది,
కాయితానికి కరెంటు ఎక్కడిది?
మెజెంటా నూరు, యెల్లో తొంభై ఐదు, నలుపు ఒక పది.
ఇంకా పోస్తే ఆరదు తాతా,
పైన పడ్డ షీటుకు అంటుకుంటది అన్న.
"గిన్నెల ఒక రంగు, నూలు ఆరినంక ఒక రంగు.
నాకు తెల్వదా" అన్నడు.

పేజీ చుట్టూ మూడు మిల్లీమీటర్లు
రంగు బయటికి లాగుతుంటే
పక్క నుంచి అడిగిండు, అదేందని.
బ్లీడ్ అంటరు, కటింగ్ల పోతది.
"పోయేదానికి రంగెందుకు?"
కత్తి ఒక్క వెంట్రుకంత జరిగినా
అంచుకు తెల్లగీత పడుతది అని చెప్పిన.
చానసేపు మాట్లాడలేదు.
చాయ్ వచ్చినంక అన్నడు:
"దరీ దించినంక మగ్గం కాడ మూరెడు పోగులు కోసేస్తం.
అవి నేసేటివి కావు. పట్టుకునేటివి."

రాత్రి పదకొండు.
మనవడు వాట్సాప్ల పంపిన మగ్గం ఫొటో
పెద్దగ చేస్తే గళ్ళు గళ్ళు,
తపాలా బిళ్ళంత పెట్టి ఊకున్న.
అక్షరాలన్నీ కర్వ్స్ చేసిన,
చెయ్యకుంటే ప్రెస్సు కంప్యూటర్ల
ఒత్తులు ఒక దిక్కు, గుడింతాలు ఒక దిక్కు.
ఆఖరి పేజీ నిండా ఎరుపు,
దాని మీద నేసినోళ్ళ పేర్లు పదిహేను, నల్లగ.
అప్పుడు మనవడి ఫోన్:
"నలుపు కనిపిస్తలేదక్కా, తెల్లగ చెయ్యి."
చేసిన.
తెర మీద పేర్లు మల్లెపూలోలె ఉన్నయి.
ఫైలు పంపి పండుకున్న.

తెల్లారి మట్టెవాడ ప్రెస్సుల
యాకూబ్ భాయ్ కంటికి భూతద్దం ఆనిచ్చి చూసిండు,
నాలుగు రంగుల ప్లస్ గుర్తులు
ఒకదాని మీద ఒకటి కుదురుగ కూసున్నయి.
ఆరువందల షీట్లు తిరిగినంక ఫోన్ చేసిండు.
"మేడం, ఆఖరి పేజీల ఏం రాయలేదా?
ఉత్త ఎరుపే ఉన్నది."

నల్ల అక్షరానికి పెట్టిన ఓవర్‌ప్రింట్ టిక్కు
తెల్లగ మార్చినా పోలేదు.
ప్రెస్సుల తెల్ల సిరా ఉండదు.
తెలుపంటే రంగులు తప్పుకున్న జాగ.
తప్పుకొమ్మని నేను చెప్పలేదు,
పదిహేను పేర్ల మీదికెళ్ళి ఎరుపు పోయింది.

తాత వచ్చిండు.
ఆ ఉత్త పేజీ మీద వేలు పెట్టి
పై నుంచి కిందికి జరిపిండు,
తన పేరు ఉండాల్సిన కాడ ఆగిండు.
"అరవై ఏండ్ల సంది నేస్తున్న.
ఏ దరీ మీద ఉన్నది బిడ్డా మా పేరు?"
నన్ను తిట్టిండా, ఊకుంచిండా,
ఇప్పటికీ తెల్వదు.

మెజెంటా, యెల్లో, నలుపు: మూడు ప్లేట్లు మళ్ళ, నా పైసలతోని.
ఆ పేజీల సయాన్ లేదు కాబట్టి ఆ ప్లేటు మిగిలింది.
ఖరాబైన షీట్లు తూకానికేస్తనంటే ఒప్పుకోలేదు,
సైకిల్ మీద కట్టుకొని పోయిండు.

మొన్న కొత్తవాడ పోయిన, బిల్లు కోసం.
గుంతమగ్గం వెనక గోడకు ఆ ఎరుపు పేజీ అంటిచ్చి ఉన్నది.
దాని మీద సుద్దముక్కతో ఎవరో
పదిహేను పేర్లు రాసిండ్రు.
నాలుగో పేరుకు ఒత్తు తప్పున్నది.
చెయ్యి లేచింది గని
దిద్దలేదు.