గోడకి అటుపక్క

మూడు రోజులుగా లాప్‌టాప్ లోపల
ఎవరో గోళ్ళు కొరుకుతున్న చప్పుడు.
హార్డ్ డిస్కు పోతుందన్నాడు
శ్రీకాకుళం నుంచి వచ్చే రిపేరు కుర్రాడు.
పోయేలోపు ఇంకెక్కడికైనా దించుకోమన్నాడు,
వరదొస్తోందని దండోరా వేసినంత మామూలుగా.

హిరమండలం మెయిన్ రోడ్డులో
నా స్టూడియోకీ గవరయ్య ఎరువుల కొట్టుకీ మధ్య
ఒకటే గోడ.
ఎప్పుడో కరెంటు తీగ కోసం కొట్టిన కన్నాన్ని
కుమ్మరిపురుగు మట్టితో పూడ్చేసింది.
పుల్లతో పొడిచి నీలం కేబులు దూర్చాను.
అటునుంచి ఢిల్లేశ్వరి అందుకుంది:
"వచ్చీసినాది బావూ, లాగకండి."

ఆమె కంప్యూటరు నిండా యూరియా లెక్కలు,
కీబోర్డు సందుల్లో పొటాష్ ఎర్రపొడి.
ఒక మూల కొంచెం చోటిచ్చింది.
దానికి ఏం పేరు పెట్టమంటారంటే
తోచక, మనుషులు అన్నాను.

సాయంత్రం ఆరింటికి మొదలు.
ఇంకా మూడు గంటలంది తెర.
కాసేపటికి పదకొండు నిమిషాలంది.
టీ తాగి వచ్చేసరికి తొమ్మిది గంటలంది.
పాతపట్నం బస్సు గురించి
కాంప్లెక్సులో చెప్పే మాటలాగే ఉంది.

పద్నాలుగేళ్ళ పాస్‌పోర్టు సైజులు.
రేషన్ కార్డుకి, పింఛనుకి,
చెన్నై పనికి రైలెక్కే ముందు,
హాల్ టిక్కెట్టు కోసం చెమట తుడుచుకుని,
నవ్వొద్దంటే ఇంకా ఎక్కువ నవ్వి.
నేను అరువిచ్చిన ఒకే నల్లకోటు
నాలుగొందల భుజాల మీద.

గుమ్మడిపాడు పేరుతో ఒక ఫోల్డరు.
పరిహారం ఫారాలకి ఊరంతా ఒకేరోజు దిగింది,
ట్రాక్టర్ల మీద, తలలకి నూనె రాసుకుని.
ఆ ఊరిప్పుడు రిజర్వాయరు అడుగున ఉంది.
ఫోల్డరులో మాత్రం తడి లేదు.
మూడువందల పన్నెండు ముఖాలు,
ప్రతి ముఖం వెనకా నా నీలం తెర.
ఇప్పుడు చూస్తే
అదీ నీళ్ళలాగే ఉంది.

కొట్టు కట్టేసే వేళ
కన్నం దగ్గర నోరు పెట్టాడు గవరయ్య:
"ఏటి, ఇంకా అవనేదా?
రాత్రంతా నీ జనాలు
నా బస్తాల మీద కూకుంటారేటి?"
ఢిల్లేశ్వరి నవ్వు వినిపించింది.
తాళాలు నాకే ఇచ్చి వెళ్ళాడు.

పదిన్నరకి ఆగింది.
ఒక ఫైలు చదవలేకపోతున్నానంది.
మళ్ళీ ప్రయత్నించనా, వదిలేయనా అని అడిగింది.
పేరు లేదు దానికి. అంకె మాత్రమే,
రెండువేల ఆరువందల ఏడు.
అదీ గుమ్మడిపాడులోనే.
దాని ముందు ఫోటోలో ఒక ముసలమ్మ.
దాని తర్వాత, అచ్చం ఆమె చెవులతో
ఒక కుర్రాడు.
మధ్యలో ఎవరు?
కొడుకా, కోడలా,
లేక ఫ్లాషుకి కళ్ళు మూసేస్తే
ఉండు, మరోటి తీస్తానని నేను కసిరిన మనిషా?

మళ్ళీ ప్రయత్నించు.
మళ్ళీ.
గోళ్ళ చప్పుడు ఎక్కువైంది.
ఈ ఒక్కరి కోసం పట్టుబట్టి కూర్చుంటే
వెనక వరసలో నిలబడ్డ ఆరువేలమంది పోతారు.
రేవుల్లో పడవ వాళ్ళు
ఇలాంటి లెక్క ఎప్పుడైనా వేశారేమో.
నాకు ఇదే మొదలు.

పదిహేడోసారి
వదిలెయ్యి నొక్కాను.
వేలు కాసేపు అక్కడే ఉండిపోయింది.

తెల్లారి గవరయ్య వచ్చి
కంప్యూటరు పెట్టెని రెండు చేతులతో ఎత్తి చూశాడు.
"అంతమంది ఎక్కినా బరువు పెరగనేదేటి?"
పెరగదన్నాను.

కేబులు తీసేశాను, కన్నం మూయలేదు.
అటునుంచి ఢిల్లేశ్వరి
"ఎన్నాళ్ళు ఉంచాలి బావూ?" అంటోంది.
బల్ల మీద ఎవరో
పింఛను ఫోటోకి వచ్చి కూర్చున్నారు.
కెమెరా చేతిలోనే ఉంది.
చెవులు చూస్తున్నాను.