అతుకు పక్కన

పల్లంలో ఉండగానే వినపడింది.
ఇంకా రెండు మలుపులుండగానే తెలిసింది
ఆ కారు గొంతు చీరుకుపోయిందని.
పలకరాతి గుట్టల మీద గొర్రెలు తలెత్తాయి.
మా బెథెస్డాలో గొర్రెలు
వానకి కూడా తలెత్తవు.

పళ్ల డాక్టరు గెథిన్‌ది. పసుపుపచ్చ కారు, రెండే సీట్లు,
నేలకి జానెడెత్తు.
దిగడమంటే ముందు ఒక కాలు, తర్వాత ఒక బూతు,
ఆ తర్వాత మనిషి.
"కిందటి అక్టోబరులో కొన్నాను నెస్టా.
బాంగోర్‌లో రెండుసార్లు అతికించారు.
వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తోంది."

జాకీ మీద లేపి కిందకి దూరాను.
పొగగొట్టం ఇంకా చల్లారలేదు, టిక్కుటిక్కుమంటోంది,
పైన రేకుల మీద వాన దానికి వంత.
టార్చి వేస్తే
అతుకు మీద అతుకు, దాని మీద ఇంకో అతుకు,
కుట్లు పడిన చోటే మళ్లీ కుట్లేసిన మోకాలులా.
పగులు మాత్రం అతుకులో లేదు.
దాని పక్కన, వెంట్రుకవాసి ఎడంలో,
మంట నీలంగా కమిలించిన అంచు వెంబడే
చుట్టూ తిరిగొచ్చింది,
లోపల్నించి పిల్ల పొడిచిన గుడ్డులా.

ముక్క కోసి వెలుతురుకి పట్టుకున్నాను.
లోపలంతా నల్లటి పలుకులు, మాడిన చక్కెర.
వెనకనుంచి ఆర్గాన్ పట్టకుండా అతికిస్తే
ఉక్కు అలాగే పలుకులు కడుతుంది.
పైకి మాత్రం నాణేలు పేర్చినట్టు ముచ్చటగా ఉంటుంది.
"ఎవడో చేతకానివాడు" అన్నాను
గెథిన్‌కి వినపడేలా.
"గ్యాసు ఖర్చు మిగుల్చుకున్నాడు. పైమెరుగు చూసి మురిసే రకం."
ఇంకో రెండు మాటలు కూడా అన్నాను.
అవి ఇక్కడ రాయను.

అన్నిటికంటే అడుగు అతుకు దాకా గీకాక
చివర చిన్న తోక, వెనక్కి మెలిక తిరిగి.
ఎమ్రిస్ నేర్పిన మెలిక:
"గుంట మిగల్చకమ్మాయ్, ఒక్కడుగు వెనక్కేసి లే."
ఆయనది ఎడమచేతి వాటం, మెలిక ఎడమకి పోతుంది.
ఇది కుడికి పోయింది.
చట్రం మూల గోరుతో గోకితే
పసుపు కింద ఎరుపు.
ఎర్ర కారు. ఏడేళ్ల కిందట. శుక్రవారం సాయంత్రం.
తొందరపెట్టిన కుర్రాడొకడు,
తొందరపడిన నేను.

"కారణం దొరికిందా?" టీ కప్పు పట్టుకుని గెథిన్.
"దొరికింది."
ఏం దొరికిందో చెప్పడానికి
ఇంకో పావుగంట పట్టింది.
అతను నవ్వలేదు, కోప్పడలేదు.
"నేను పూడ్చిన పళ్లూ ఈ ఊళ్లోనే తిరుగుతుంటాయి,
ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాను" అన్నాడు.

గేరు మార్చినప్పుడల్లా ఇంజను ఊగుతుంది.
వెనక కొసనేమో చట్రానికి బిగించేశారు.
మధ్యన దొరికిపోయిన పైపు ఏం చేస్తుంది పాపం?
రబ్బరు తీసి బోల్టులు వేసిన చెయ్యి
అదీ నాదే కావచ్చు.
వెతకలేదు.

బోల్టులు పీకి, రబ్బరు తగిలించాను.
పగిలిన చోటే పైపుని రెండు చేసి,
ఒకదాని కొస రెండోదాంట్లోకి దూర్చి,
రెండు స్ప్రింగులతో పట్టించాను.
"ఊగుతోందే!" అన్నాడు.
"ఊగాలి.
చల్లగా ఉన్నంతసేపూ కాస్త పొగ కక్కుతుంది, గుర్రుమంటుంది.
రెండు మైళ్లు పోనిస్తే, వేడెక్కి
దానికదే సర్దుకుంటుంది."

మిగతా అతుకులకి ఈసారి గ్యాసు దండిగా వదిలాను.
చిన్నద్దం పెట్టి లోపలికి చూస్తే వెండి.
తోక దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
మెలిక వేశాను, కుడికే.
మళ్లీ పగిలితే
ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా.

రబ్బరుకీ స్ప్రింగులకీ మాత్రం డబ్బు తీసుకున్నాను.
చాపెల్ దాటి గుట్టెక్కుతుంటే తలుపు దగ్గరే నిలబడ్డాను.
రెండో గేరు. మూడు.
ఒక్క గొర్రె తలెత్తింది.

ఇంకా రెండు మైళ్లు కాలేదు.